పందికి ముక్కులో వేసే టీకా
(సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మా సంఘంలో ఇద్దరు అక్కలు పందుల పెంపకానికి అప్పు అడిగారు. మీటింగులో కొందరు "అమ్మో, స్వైన్ ఫ్లూ వస్తుంది" అన్నారు. అది ఎంతవరకు నిజమో పశువుల డాక్టరు గారిని అడిగాను. తెలుసుకున్నది మీకు చెప్తాను.

2009లో స్వైన్ ఫ్లూ ప్రపంచమంతా పాకింది. మన దేశంలో మొదటి కేసు ఆ మే నెలలో హైదరాబాదులోనే బయటపడింది, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడికి. తుమ్ము, దగ్గుతో అది మనిషి నుంచి మనిషికి పాకింది. బాగా ఉడికిన మాంసం తింటే రాదు. అలాగని పందికి సంబంధమే లేదనకూడదు. పంది ఒంట్లోకి మనిషి ఫ్లూ, పక్షుల ఫ్లూ కూడా చేరగలవు. అన్నీ కలిసి కొత్త వైరస్ పుట్టగలదు. మన జ్వరం పందికీ అంటుకుంటుంది. అందుకని పందిని కాపాడుకోవడమంటే మనల్ని కాపాడుకోవడమే.

అమెరికాలో పందులకు ఫ్లూ టీకా ఎక్కువగా సూదితో వేస్తారు. దాని బలం రక్తంలో ఎక్కువ, ముక్కులో తక్కువ. ఫ్లూ వచ్చేదేమో ముక్కు నుంచి! పైగా ఈ వైరస్ తరచూ రూపు మార్చుకుంటుంది. అందుకే అక్కడ ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో రేణుకారాధ్య గౌరాపుర గారి బృందం ముక్కులో వేసే టీకా తయారుచేస్తోంది. చంపేసిన వైరస్‌ను నానో రేణువుల్లో పెడతారు. ఆ రేణువు మన వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. దాన్ని కైటోసాన్‌తో చేస్తారు. కైటోసాన్ రొయ్యల, పీతల పెంకుల నుంచి వస్తుంది. రొయ్యలు వలిచే మన అక్కలు రోజూ పారబోసే పెంకే అది! ఈ రేణువు ముక్కులోని జిగురుకు అతుక్కుంటుంది, మందు కారిపోదు. ఒంట్లోని కాపలా కణాలు దాన్ని మింగి వైరస్‌ను గుర్తుపెట్టుకుంటాయి. 2018లో అచ్చయిన పరీక్షలో, ఈ టీకా వేసిన పందుల ముక్కులో, ఊపిరితిత్తుల్లో వైరస్ తగ్గింది.

ఈ టీకా ఇంకా మన పశువైద్యశాలకు రాలేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా అమ్మితే కొనకండి. అంతదాకా మన చేతిలో ఉన్నవి చేద్దాం. కొత్తగా కొన్న పందిని కొన్నాళ్లు విడిగా ఉంచాలి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు షెడ్డులోకి పోకూడదు. కోళ్లు, బాతులు పందులతో కలవకూడదు. మేత మానేసి దగ్గే పందిని వేరుచేసి డాక్టరుకు చెప్పాలి. హాగ్ కాలరా వేరే జబ్బు, దానికి టీకా ఉంది. తప్పకుండా వేయించండి.

ఆ ఇద్దరు అక్కలకూ మేం అప్పు ఇచ్చాం. షెడ్డు గచ్చుకు, టీకాలకు కూడా సూక్ష్మ రుణ ప్రణాళికలో డబ్బు రాశాం. భయపడి అప్పు ఆపితే ఊళ్లో పందులు మాయమవ్వవు, మురుగు కాలువల్లో తిరుగుతాయి. షెడ్డులో ఉంటే ఏ పందికి ఒంట్లో బాగోలేదో మనకు ముందే తెలుస్తుంది. మీ సంఘాల్లో కూడా ఇలా అడిగే అక్కలుంటే, కాదనే ముందు ఒక్కసారి ఆలోచించమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.