డెరింజర్: చిన్న పిస్టలే కదా అనుకోకండి

1865లో బూత్ అనేవాడు లింకన్‌ను కాల్చింది అరచేతిలో పట్టే డెరింజర్‌తోనే. దానికి ఒక్కటే తూటా. మరుసటి ఏడాది రెమింగ్టన్ కంపెనీ ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలు పెట్టింది. అమెరికాలో ఈ డిజైన్ ఇప్పటికీ అమ్ముతున్నారు.

మరి కొనేవాళ్లు ఏం చూడాలి? గొట్టం పొట్టిది, గురి కుదరదు. పిడి చిన్నది, పెద్ద తూటా వేస్తే చెయ్యి అదిరిపోతుంది. అందుకే ముందు షూటింగ్ రేంజ్‌లో కాల్చి చూడాలి, చిన్న క్యాలిబర్‌తో మొదలుపెట్టాలి. పాత మోడల్ లోడ్ చేసి జేబులో వేసుకోవద్దు. కింద పడి హ్యామర్‌కి దెబ్బ తగిలితే పేలొచ్చు. సేఫ్టీ ఉన్న కొత్త మోడల్ నయం. చేతిలోకి తీసుకోగానే గొట్టాలు తెరిచి రెండూ ఖాళీయేనా చూడండి. ఖాళీ అయినా మనిషి వైపు తిప్పొద్దు, కాల్చేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు.

అక్కడున్న మన స్టూడెంట్స్‌కి అసలు మాట. ఎఫ్-1, హెచ్-1బి వీసా మీదున్నవాళ్లు తుపాకి కొన్నా, దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రూమ్మేట్ తుపాకి పట్టుకుని రీల్ చేసినా చిక్కే. ఒక్క రీల్ కోసం వీసాని పణంగా పెట్టకండి. ఉంటాను మరి!