అంతర్జాలంలో తెలుగు ఉత్తరం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



కన్నడంలో ‘బళె’ అంటే గాజు. బళేపేట పేరులో గాజులున్నాయి. వీధిలో సంగీతవాద్యాల అంగళ్లున్నాయి. అంతర్జాలం పనితీరును పిల్లలకు బోధించడానికి ఈ రెండూ చాలు.

గాజుల వర్తకుడు పొరుగూరికి సరుకు పంపేటప్పుడు పెట్టెలకు వరుస సంఖ్యలు వేస్తాడు. అందుకున్నవారు రసీదు పంపుతారు. రసీదు రాని పెట్టెకు బదులు మరొకటి పంపుతాడు. టీసీపీ అనే నియమావళి చేసేది ఇదే. దారి వెతకడం దాని పని కాదు. చిరునామా చూసి కూడలి నుంచి కూడలికి పొట్లాన్ని సాగనంపేది కింది అంతస్తులోని ఐపీ. అది చేరుస్తానని హామీ ఇవ్వదు. దానికీ కింద రాగితీగ, గాజుతంతువు, రేడియో తరంగం ఉంటాయి.

ఉత్తరంలో ఒక్క అక్షరం జారినా అర్థం చెడుతుంది. అందుకే ఉత్తరాలు మోసే ఎస్‌ఎంటీపీ టీసీపీని ఆశ్రయిస్తుంది. ప్రత్యక్షంగా వినిపించే వేణుగానం సంగతి వేరు. తప్పిన స్వరం ఆలస్యంగా వస్తే తాళం చెడుతుంది. అటువంటి వాటికి రసీదు కోరని యూడీపీ అనుకూలం. వెబ్ పుటలు తెచ్చే హెచ్‌టీటీపీ చిరకాలం టీసీపీ మీదనే నడిచింది. 2022లో ప్రమాణంగా వెలువడిన దాని మూడవ రూపం మాత్రం యూడీపీ మీద క్విక్ అనే నియమావళిని నిలిపి, రసీదుల బాధ్యతను దానికి అప్పగించింది.

1986లో ఎర్నెట్ ఆరంభమైనప్పుడు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తొలి భాగస్వాములలో ఒకటి. అయితే 1982 నాటి ఎస్‌ఎంటీపీ ఆంగ్లానికి సరిపోయే 128 సంకేతాలనే అంగీకరించేది. లోపం తీగది కాదు, ఐపీది కాదు, టీసీపీదీ కాదు. పై అంతస్తులో మనుషులు చేసుకున్న ఒప్పందానిది. 1991లో యూనికోడ్ తొలి కూర్పు తెలుగు లిపికి స్థానమిచ్చింది. 1992లో మైమ్ అనే ఒప్పందం ఇతర లిపుల ఉత్తరాలకు త్రోవ తీసింది. అందుకోసం కింది అంతస్తులలో దేనినీ మార్చనక్కరలేకపోయింది. నేడు యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అ’ అక్షరం మూడు బైట్లు. అవి ఏ భాషవని ఐపీ అడగదు.

తెలుగు మాధ్యమంలో చదివితే బిడ్డ వెనుకబడుతుందేమోనని తల్లిదండ్రులు శంకించడం సహజం. వలయంలో తెలుగుకు అడ్డుగోడ లేదు. తెలుగులో గణితం, విజ్ఞానం రాసి పంపేవారి కొరతే ఉంది. ఆ కొరత తీర్చే చేతులు ఈ పాఠశాల తరగతిగదులలోనే తయారుకావాలి. టీసీపీ దారిలో పోయిన పెట్టెకు బదులు మరొకటి పంపగలదు. అసలు కట్టని పెట్టెను పంపలేదు.