మూర్ఛవ్యాధి – నిద్ర – మనశ్శాంతి



మన గుంటూరు, ప్రకాశం మెట్టసీమలో మిరపకాయలు కల్లమునందు ఆరునంతకాలము రాత్రికావలి తప్పదు. మూర్ఛవ్యాధిగలవారికి ఆ జాగరణమే కీడు. నిద్రలేమి మూర్ఛను రేపును. రాత్రి వచ్చిన మూర్ఛ నిద్రను చెఱచును. నలుగురిలో పడిపోదుమేమో యను భయమును, పెండ్లి కాదేమో యను బెంగయు ఆ కొంచెము నిద్రనుగూడ హరించును.

ఈ వ్యాధి హిందూ వివాహమునకు అడ్డుకాదని 1999లోనే చట్టము సవరింపబడినది. లోకుల మాట ఇంకను మారవలసియున్నది. సరియైన మందులతో నూటికి 70 మందివరకు మూర్ఛలు లేక జీవింపగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కాని మూర్ఛలు తగ్గినను దిగులు మిగిలినచో బ్రతుకున సుఖముండదు. ఆ సంగతియు వైద్యునకు చెప్పవలయును.

మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళములు పెట్టుట మాని, ప్రక్కకు ఒత్తిగిలజేయుడు. మందు ఒక్కపూటయు మాననీయకుడు. కావలి వంతు మరియొకరు వహించి, వారిని కంటినిండ నిద్రపోనిండు.