శుభలేఖ తలకిందులైన రోజు
(ఉగాది నాడు ఆలయ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భారత్, జర్మనీ సంబంధాలు అనగానే మనకు వీసాలు, కార్లు, సాఫ్ట్‌వేర్ గుర్తొస్తాయి. స్వతంత్ర భారతం పశ్చిమ జర్మనీతో దౌత్య సంబంధాలు పెట్టుకున్నది 1951లో. మన అక్షరం మాత్రం అంతకు రెండు వందల ఏళ్ల ముందే ఇక్కడికి చేరింది.

బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరీ 1719లో తరంగంబాడికి వచ్చాడు. తర్వాత మద్రాసులో ఉన్నాడు. తెలుగు నేర్చుకుని, లాటిన్‌లో మన భాషకు వ్యాకరణం రాశాడు. స్వదేశం తిరిగొచ్చాక 1746-47లో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవేనంటారు. ఆయన ఉద్దేశం మతప్రచారమే, అందులో దాపరికం లేదు. అయినా అందుకోసం మన గుణింతాలు, ఒత్తులు అన్నీ ఓపిగ్గా దిద్దుకున్నాడు.

మన హైడెల్‌బర్గ్‌కూ అచ్చుతో చుట్టరికం ఉంది. ఈ ఊరి పేరు మన దేశంలో ప్రెస్సు నడిపే ఎవరినడిగినా చెబుతారు, ఆ పేరుతోనే అచ్చు యంత్రాలు ఉన్నాయి కదా! ఇక్కడి విశ్వవిద్యాలయంలో 1962 నుంచి దక్షిణాసియా అధ్యయన సంస్థ కూడా ఉంది.

మొన్న ఊరి నుంచి మా అమ్మ ఒక శుభలేఖ పంపింది. మా పాప దాన్ని తలకిందులుగా పట్టుకుని చూస్తోంది. తప్పు దానిది కాదు, నాది.

ఆదివారం పూజ అయ్యాక అరగంట పిల్లలతో అక్షరాలు దిద్దిద్దాం. పలకలు నేను తెస్తాను. మీలో ఇద్దరు తోడొస్తే చాలు.

సెలవు.