సిపాయి చేతి తుపాకి

2022లో కర్నూలు మండలమునుండి విడివడి ఏర్పడిన నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డ ప్రాంతమున, ఉయ్యాలవాడ యను గ్రామము కలదు. ఆ పేరు వినగానే తెలుగువారికి నరసింహారెడ్డి స్మరణకు వచ్చును. 1846 జూలైలో ఆయన కోవెలకుంట్ల ఖజానాపై పడుటయు, అక్టోబరులో పట్టువడుటయు, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీయబడుటయు శ్రోత లెరిగిన కథయే. ఆ కథను చెప్పుకొనునపుడు మనము సాధారణముగా అడుగని ప్రశ్న యొకటి కలదు. ఆయన వెంట నడచినవారి ఆయుధము లెట్టివి? వారి కెదురు నిలిచిన కంపెనీ సిపాయి ఆయుధ మెట్టిది? ఇచ్చటనుండి బయలుదేరినచో, నేడు మన సైన్యమునకు ఎట్టి రైఫిలు కావలెనను చర్చయు సుబోధమగును.

పాళెగాండ్ర బంట్లకు చిరకాలముగా పరిచితములైనవి కత్తి, ఈటె, వత్తి తుపాకి. గొట్టము మూతినుండి మందును గుండును కూరి, నిప్పు రాజుచున్న త్రాటివత్తిని ప్రక్కనున్న రంధ్రముకడ మందునకు తాకించి పేల్చునదే వత్తి తుపాకి. వాన కురిసిన వత్తి ఆరిపోవును. చీకటిలో ఆ నిప్పురవ్వయే పొంచియున్నవాని చోటు పట్టియిచ్చును. ఒకసారి పేల్చిన పిదప మరల కూరుకొనుటకు చాల సేపు పట్టును. అయినను దానికొక సుగుణము కలదు. చెడిపోయినచో ఊరి కమ్మరియే బాగుచేయగలడు.

కంపెనీ సేనలకు అలవాటైనది చెకుముకి తుపాకి. రాతి రాపిడివలన పుట్టిన నిప్పుతో అది పేలును. శిక్షణ పొందిన సిపాయి దానిని నిమిషమునకు రెండుమూడు మారులు పేల్చగలడు. బ్రిటిషు సైన్యము 1839 మొదలు దానినిగూడ విడిచి, రాగిటోపీ తుపాకికి మారసాగెను. వ్రేలిగోరంత టోపీలోని రసాయనము సుత్తిదెబ్బకు పేలి లోపలి మందు నంటించును. తడికి అది అంతగా లొంగదు. నరసింహారెడ్డి పోరు నడచినది ఆ మార్పుకాలముననే.

అయితే ఈ తుపాకులన్నియు నునుపు గొట్టములు గలవి. నూరు గజములు దాటిన పిమ్మట వాటి గురిని నమ్మరాదు. కావున కాప్టెన్ నాట్ నడిపిన సేన బలమంతయు తుపాకిలోనే యున్నదనుట పొరపాటు. కొలత ప్రకారము కాగితపు పొట్లములలో కట్టిన మందుగుండు, నిత్యపు కవాతు, వెనుకనుండి తెగక వచ్చు సరఫరా ఆ తుపాకికి తోడయ్యెను. కొండలలో దాగిన బంటునకు ధైర్యము కొరవడలేదు. ఆ ధైర్యమునకు వెనుకనుండి అందవలసిన సామగ్రి అందు మార్గము లేకపోయెను. ఆయుధమును ఎన్నుకొనువారికి ఇది మొదటి పాఠము.

రెండవ పాఠము పదేండ్లకే వచ్చినది. 1853 నమూనా ఎన్ ఫీల్డు రైఫిలు గొట్టములోపల మెలికగా గాడులు చెక్కిరి. ఆ గాడులవలన గుండు తిరుగుచు బయటికి వచ్చును. తిరుగుచున్న బొంగరము నిలుకడగా నిలుచునట్లే, తిరుగుచున్న గుండు దారితప్పక పోవును. నునుపు తుపాకికంటె అది అనేక రెట్లు మేలైన ఆయుధము. కాని దాని తూటా కాగితమును పండ్లతో కొరుకవలెను. ఆ కాగితమునకు ఆవుకొవ్వు, పందికొవ్వు పూసిరను అనుమానము సిపాయిలలో వ్యాపించినది. 1857 తిరుగుబాటును రగిల్చిన కారణములలో అదియొకటి. మోయువాని నమ్మకమును పొందని ఆయుధము ఎంత మేలైనదైనను ఇచ్చినవారికి బలము కాజాలదు.

ఇక మన స్వతంత్ర భారతమునకు వత్తము. 1962లో హిమాలయములపై చైనా సేనల నెదిరించిన మన జవాను చేతిలో .303 లీ ఎన్ ఫీల్డు రైఫిలుండెను. రెండు ప్రపంచయుద్ధములు చూచిన గట్టి ఆయుధమది, గురి మంచిది. పది తూటాలు పట్టును గాని, ప్రతి తూటాకును తలుపు గడియ తీసి వేసినట్లు బోల్టును లాగి నెట్టవలెను. ఎదుటివారిలో పలువురి రైఫిళ్లు తమంతట తామే తరువాతి తూటాను ఎక్కించుకొనునట్టివి. నాటి పరాజయమునకు చలిబట్టల కొరత, దారుల లేమి, పై నిర్ణయముల లోపములు మొదలగు కారణములు పెక్కు కలవు. అయినను ఎదుటివాడు మూడుమారులు పేల్చులోపల తానొక్కమారు పేల్చిన జవానుకు ఆ తేడా లెక్కలలోని విషయము కాదు.

పిదప ఇరువది తూటాల 7.62 ఎస్.ఎల్.ఆర్. వచ్చి, మూడు దశాబ్దములకు పైగా మన సేనను కాచెను. అవి చాలినన్ని సిద్ధమగువరకు ఈశాపూర్ కర్మాగారము పాత బోల్టు రైఫిలునే కొత్త తూటాకు అనువుగా తయారుచేసినది. 1990ల చివర 5.56 కొలత గల ఇన్సాస్ రైఫిలు వచ్చినది. 1999 కార్గిల్ పోరులో తీవ్రమైన చలికి దాని ప్లాస్టిక్కు తూటాపెట్టెలు పగులుచున్నవనియు, రైఫిలు నడుమ మొరాయించుచున్నదనియు ఫిర్యాదులు వచ్చినవి. తరువాత దానిని సవరించిరి గాని, ఒకసారి సడలిన నమ్మకము మరల బిగియుట కష్టము.

తూటా కొలతను ఏల తగ్గించిరని శ్రోతలు అడుగవచ్చును. 5.56 తూటా బరువు సుమారు 12 గ్రాములు. ఎస్.ఎల్.ఆర్. వాడిన 7.62 తూటా సుమారు 24 గ్రాములు. నూటయేబది తూటాలు మోయు జవానుకు ఒకదానితో 1.8 కిలోలు, రెండవదానితో 3.6 కిలోలు. కొండ నెక్కువానికి ఈ తేడా ఎంతటిదో, నీళ్లబిందె మోసిన గృహిణికి వేరుగా చెప్పనక్కరలేదు. కాని తేలిక తూటా తగిలినను ఉగ్రవాది పోరు మానకుండుట చూచి, జవానులు మరల బరువైన దెబ్బను కోరిరి. తేలికయు, దెబ్బయు, దూరమును ఒక్కచోట సంపూర్ణముగా దొరకవు. ఒకటి పెంచిన వేరొకటి తగ్గును.

ఈ చిక్కును దాటుటకు 2011లో గొట్టము మార్చి రెండు కొలతల తూటాలు వాడదగిన రైఫిలు కొరకు టెండర్లు పిలిచిరి. అన్ని గుణములను ఒక్కదానిలోనే కోరిన ఆ ప్రయత్నము 2015లో రద్దయినది. తరువాత అవసరములను విడదీసిరి. సరిహద్దున ముందు నిలుచు దళములకు పెద్ద 7.62 తూటా వాడు అమెరికా సిగ్ 716 రైఫిళ్లు 72,400 కొనుటకు 2019లో ఒప్పందము జరిగినది. సేనలో అధికభాగమునకు 7.62 పొట్టితూటా వాడు ఏ.కె. 203 రైఫిళ్లు ఆరు లక్షలకు పైగా ఉత్తరప్రదేశ్ లోని కోర్వాలో తయారుచేయుటకు 2021 డిసెంబరులో రష్యాతో ఒప్పుకొనిరి. అవి 2024నుండి సేనకు అందసాగినవి. 2024 జనవరిలో పుణెలో ప్రదర్శించిన ఉగ్రం అను రైఫిలును రక్షణ పరిశోధన సంస్థతో కలిసి రూపొందించినది మన హైదరాబాదు సంస్థయే. దాని బరువు నాలుగు కిలోల లోపు. ఉద్దేశించిన దూరము 500 మీటర్లు.

వీనిలో ఏది ఉత్తమమని అడుగుటకంటె మూడు విషయములు విచారించుట మేలు. మోయువాడు దానిని నమ్మునా? దాని తూటా, విడిభాగము మన దేశములోనే తయారై కొండకొనకు చేరునా? మంచులో, బురదలో, ఇసుకలో పరీక్షించి పిదపనే ఇచ్చిరా? పాత తుపాకిని మార్చుటకు సంవత్సరములు గడచుచుండగా, ఆ సంవత్సరములన్నియు ఎవరో ఒక జవాను భుజముమీదనే గడచుచున్నవి.

కమ్మరి బాగుచేయగల తుపాకితో కొండ నెక్కిన ఉయ్యాలవాడ బంట్లకు ఎన్నుకొను అవకాశమే లేదు. మనకు కలదు. రేపు పత్రికలో రైఫిళ్ల కొనుగోలు వార్త కనబడినపుడు వెలను మాత్రమే చూచి ఊరకుండక, ఈ మూడు ప్రశ్నలును అడుగుడు. ఆ రైఫిలు నందుకొనువాడు మన పల్లెనుండి పోయిన బిడ్డయే కావచ్చును.