యోగాభ్యాసం - మిల్లు కార్మికుని శరీరం



రోజంతా సాంచెల ముందు నిలబడేవాడికి మళ్లీ వ్యాయామం ఎందుకని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కాని గంటల తరబడి నిలబడితే కాళ్లు, నడుము బిగుసుకుపోతాయి. ఆసనాలు ఆ బిగువును సడలిస్తాయి.

మన మహారాష్ట్రలోనే, లోణావళాలో స్వామి కువలయానంద 1924లో కైవల్యధామ స్థాపించి, ఆసన ప్రాణాయామాలను ప్రయోగశాలలో పరీక్షింపజేశారు. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు పీల్చే శ్వాసను నిదానంగా 6కు తగ్గిస్తే గుండె కుదుటపడుతుంది, రక్తపోటు కొంత దిగుతుంది. శవాసనంలో శరీరం వాడుకునే ప్రాణవాయువు తగ్గుతుంది. అంటే జీవక్రియకు విశ్రాంతి దొరుకుతుంది. నెలల తరబడి క్రమం తప్పకుండా చేస్తే చక్కెర వ్యాధి ఉన్నవారికి రక్తంలో చక్కెర కొంత అదుపులోకి వస్తుంది. అంతమాత్రాన డాక్టరు చెప్పకుండా మందులు మానరాదు. భోజనం చేసిన వెంటనే ఆసనాలు వేయరాదు.

అయితే ఒక మాట. బ్లో రూములో, కార్డింగులో పత్తి ధూళి పీల్చినవారికి బిస్సినోసిస్ వస్తుంది. వారపు సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజున ఛాతీ పట్టేయడం దాని మొదటి గుర్తు. ఈ జబ్బును ప్రాణాయామం ఆపలేదు. ధూళిలో గట్టిగా ఊపిరి పీలిస్తే ధూళే లోపలికి పోతుంది.

కనుక యోగం శుభ్రమైన గాలిలో చేద్దాం. మిల్లులో ధూళిని లాగే యంత్రాలు, ఏటేటా ఊపిరితిత్తుల పరీక్షలు కావాలని అడుగుదాం. యోగా క్లాసు పెట్టి ధూళి సంగతి దాటవేయాలని చూసే యాజమాన్యానికి మన జవాబు ఒకటే: రెండూ కావాలి.