పొత్తికడుపు నొప్పిని దాచుకోవద్దు



పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలు ఇప్పుడే విన్నారు. ఏ లెక్కల పుస్తకంలోనూ రాయని పొత్తికడుపు నొప్పి గురించి రెండు మాటలు చెప్తాం. గద్వాలలో మగ్గం గుంటలో కూసున్నా, సీడు పత్తి చేన్లో పొద్దంతా నిలబడ్డా, వనపర్తిలో పల్లికాయ పీకినా, నాగర్‌కర్నూల్ నుంచి వలసపోయి మట్టి మోసినా ఓర్చుకుంటనే ఉంటాం. ఓపిక అయిపోయిన రోజు "గర్భసంచి తీసేస్తే పోతది" అని ఎవరో అంటారు. అప్పు చేసి ఆపరేషన్‌కు పోతాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురు, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. కొందరికి ఆపరేషన్ తప్పదు, నిజమే. తీయించుకున్నాక కూడా నొప్పి పోనివాళ్లు ఉన్నారు.

నెలల తరబడి నొప్పి ఉంటే పొత్తికడుపు కింది కండరాలు బిగుసుకుంటాయి. బిగుపుకు నొప్పి, నొప్పికి భయం, భయానికి మళ్లీ బిగుపు. ధ్యానం ఈ బిగుపును, భయాన్ని సడలిస్తది. గడ్డను కరిగించదు, ఇన్‌ఫెక్షన్‌ను తగ్గించదు. అందుకే ముందు పరీక్ష. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారం ఆడవాళ్ల కోసమే పెట్టినవి. ఆశ అక్కను అడగండి. నెల తప్పి నొప్పి వచ్చినా, జ్వరం, వాసనతో తెలుపు ఉన్నా, ముట్లు ఆగినంక రక్తం కనబడ్డా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

"ఇంట్ల పది నిమిషాలు ఎవరు పండుకోనిస్తరు?" అంటారు. నిజమే, అందుకే సంఘం మీటింగు అయినంక చేద్దాం. గోడకు ఆనుకుని కూసోండి, లేదా మోకాళ్లు మడిచి పండుకోండి. ఒకామె మెల్లగా చెప్పాలె: "చెయ్యి పొట్ట మీద పెట్టు. ముక్కుతో ఊపిరి తీసుకో, పొట్ట పైకి లేవనీ. ఇంకా నిదానంగా వదులు. దవడ వదులు. తొడలు వదులు. మూత్రం పోసేటప్పుడు లోపల ఎట్ల వదులైతదో అట్ల వదిలెయ్." ఊపిరి బిగబట్టొద్దు, కింద బిగించొద్దు. నొప్పి ఉన్నచోటికి మనసు పోతే పోనీ, మళ్లీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోవాలె. నొప్పి ఎక్కువైతే ఆపెయ్యాలె. దేవుని పేరు తలుచుకుంటే తలుచుకోండి, లేకున్నా నడుస్తది.

ఒక్క రోజుకు తేడా తెలియదు. కొన్ని వారాలు రోజూ చేసి చూడాలె. చదువురాని అక్కలకు ఇబ్బంది లేకుండా, గొంతు మెత్తగా ఉన్న సభ్యురాలు ఎవరైనా మన పాలమూరు మాటల్లోనే ఈ మాటలను ఫోన్‌లో రికార్డు చేసి సంఘం గ్రూపులో పెట్టండి.